మేకు నుంచి మైకు దాకా

తెలుగువాడు "మైకు" అన్నప్పుడు ఏ వస్తువును ఉద్దేశించాడో తేల్చుకోవడం అంత సులభం కాదు. శ్రీరామనవమి పందిట్లో "మైకు పెట్టారు" అంటే కొబ్బరిచెట్టుకు కట్టిన బాకా అని అర్థం. "మైకు ముందు నిలబడితే మనిషి ఆగడు" అంటే ఉపన్యాసకుని మూతి ముందున్న కర్ర. "మైకు సెట్టు తెప్పించారు" అంటే ఆ రెండూ, వాటి నడుమనున్న పెట్టె, తీగెలు, ఆ తీగెలను కాపలా కాసే కుర్రవాడు, అన్నీ కలిపి. మాట్లాడే చోటునూ వినబడే చోటునూ ఒకే పేరుతో పిలవడం మన భాషలోని అలసత్వమని కొందరంటారు. చరిత్ర చదివాక నాకు అలా తోచలేదు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ తొలినాళ్ల టెలిఫోనులో ఒకే పరికరం నోటికీ చెవికీ పనిచేసింది. మాట్లాడేటప్పుడు దానిని నోటి దగ్గర పెట్టుకొని, వినేటప్పుడు చెవి దగ్గరికి మార్చుకునేవారు.

కంప్యూటరు మైకు మూగవోయినప్పుడు మనం చేసే పనులు ఇంచుమించు అందరివీ ఒకటే. పిన్ను బయటికి లాగి మళ్లీ గుచ్చుతాము. మైకు మూతి మీద వేలితో తడతాము. "హలో, హలో, వినబడుతోందా?" అంటాము. అప్పటికీ పని జరగకపోతే అమరికల్లోకి వెళ్లి కనబడిన గడులన్నీ నొక్కుతాము. ఈ పనులను తెలియనివాడి తడుములాటగా కొట్టివేయడానికి లేదు. వీటిలో ప్రతిదానికీ ఒక పూర్వకథ ఉంది, కొన్నింటికి దాదాపు నూటయాభై ఏళ్ల వయసు. ఆ కథ తెలిస్తే ఎక్కడ తట్టాలో, ఏది ముందు చూడాలో కూడా తెలుస్తుంది. ఈ టపా ఉద్దేశం అదే.

మైక్రోఫోను అనే మాటను ఛార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1827లో వాడాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది వైద్యుని స్టెతస్కోపు వంటి సాధనం. అందులో విద్యుత్తు ఊసే లేదు. కంటికి సూక్ష్మదర్శిని ఎలాగో చెవికి ఇది అలాగని ఆయన భావన. తెలుగు చేయాలంటే "సూక్ష్మశ్రావిణి" అనవచ్చునేమో. పదనిర్మాణ ప్రియులైన మిత్రులు నన్ను క్షమించాలి, నేను మాత్రం "మైకు"తోనే సరిపెట్టుకుంటాను. యాభై ఏళ్ల తరువాత ఆ పేరుకు అసలైన వస్తువును జతచేసినవాడు డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్. 1831లో పుట్టి 1900లో పోయిన ఈయన అమెరికాలో పెరిగాడు. మొదట సంగీతోపాధ్యాయుడు. అక్షరాలను అచ్చువేసే టెలిగ్రాఫు యంత్రాన్ని 1855లో రూపొందించి, దానితో ధనవంతుడై, తరువాత లండనులో స్థిరపడి ఇంట్లోనే ప్రయోగాలు చేసుకున్నాడు.

1870ల చివర హ్యూస్ చేస్తున్న ప్రయోగం ఇది. ఒక సన్నని తీగెను బిగించి, దానిలో విద్యుత్తు పారిస్తూ, శబ్దం వల్ల ఆ ప్రవాహంలో మార్పేమైనా వస్తుందేమోనని టెలిఫోనును చెవికి ఆనించుకొని విన్నాడు. ఏమీ వినబడలేదు. తీగెను ఇంకా బిగించాడు. అప్పుడూ వినబడలేదు. చివరికి తీగె తెగింది. తెగే క్షణంలో మాత్రం టెలిఫోనులో గరగరమని ఒక చప్పుడు. మామూలు మనిషి అయితే తీగెను తిట్టుకొని కొత్తది తెచ్చుకునేవాడు. హ్యూస్ తెగిన రెండు కొసలనూ తెచ్చి ఒకదానిమీద ఒకటి తేలికగా ఆనించాడు. అంతవరకూ మౌనంగా ఉన్న పరికరం వినడం మొదలుపెట్టింది. గట్టిగా అతికితే వినబడదు, పూర్తిగా విడిపోయినా వినబడదు. తగిలీ తగలనట్లు ఉన్నప్పుడే శబ్దానికి అనుగుణంగా ప్రవాహం హెచ్చుతగ్గులవుతుంది. తరువాత తీగె ముక్కలు పోయి మేకులు వచ్చాయి. రెండు మేకులను పక్కపక్కన పరచి, వాటిమీద మూడవదానిని అడ్డంగా ఉంచితే చాలు, మైకు సిద్ధం. శబ్దం కోసం పక్కన ఒక గడియారం, వినడానికి ఒక టెలిఫోను. అగ్గిపెట్టెలో ఈగ నడిచిన చప్పుడు కూడా దీనిలో వినవచ్చునని ఆనాడు గొప్పగా చెప్పుకున్నారు. 1878 మే నెలలో ఈ విషయాన్ని రాయల్ సొసైటీకి నివేదించాడు. పేటెంటు తీసుకోలేదు, అందరూ వాడుకోండని వదిలిపెట్టాడు.

ఈ ఔదార్యం ఎడిసన్‌కు నచ్చలేదు. బొగ్గుబిళ్లతో తానప్పటికే ట్రాన్స్‌మిటరు చేశానని, తన సంగతులు హ్యూస్‌కు చేరవేశారని రగడ చేశాడు. అటు ఎమిల్ బెర్లినర్, వదులు తాకిడి మీద తాను 1877 ఏప్రిల్‌లోనే కాగితాలు దాఖలు చేశానన్నాడు. ఆయన పేటెంటు మీద వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి 1897లో తేలింది. ఎవరు ముందన్న తగవు నాకు పెద్దగా రుచించదు. హ్యూస్‌లో నన్ను ఆకట్టుకున్నది ఆయన పరీక్షించిన తీరు. గడియారం ఎప్పుడూ ఒకేలా టిక్కుటిక్కుమంటుంది కనుక వినబడకపోతే తప్పు గడియారానిది కాదు. టెలిఫోను మంచిదని ముందే రూఢి అయింది కనుక తప్పు దానిదీ కాదు. మిగిలింది నడుమనున్న మేకులే. ఒకవైపు నమ్మదగిన శబ్దం, మరొకవైపు నమ్మదగిన చెవి, నడుమ ఒక్కటే సందేహం.

మనం చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోను కలిపి "వినబడుతోందా?" అంటాము. అటునుంచి జవాబు రాకపోతే తప్పు మన మైకుదా, మన కంప్యూటరుదా, నడుమనున్న సముద్రానిదా, అబ్బాయి చెవిలోని సాధనానిదా? నాలుగు సందేహాలను ఒకేసారి పరీక్షించి ఏ ఒక్కదానికీ సమాధానం పొందము. ముందు ఎవరితోనూ కలపకుండా, కంప్యూటరులోనే ఉండే రికార్డరుతో పది క్షణాలు పలికి, వెనక్కు వినాలి. అది వినబడిందంటే మైకూ తీగె బాగున్నట్లే, తక్కిన వెతుకులాట వేరేచోట. 2018 ప్రాంతం నుంచి విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ప్రోగ్రాములు మైకును తాకాలంటే అమరికల్లో అనుమతి ఉండాలి. రికార్డరులో పలికిన మైకు సంభాషణలో పలకకపోతే చాలాసార్లు ఆ అనుమతి దగ్గరే ఆగి ఉంటుంది.

ఇక తట్టడం. దీనికి మూలపురుషుడు ఒక మతాచార్యుడు. యార్క్‌షైర్‌లోని హెన్రీ హన్నింగ్స్ 1878లో, ఒక్క బొగ్గుబిళ్లకు బదులు బొగ్గురవ్వలను డబ్బాలో పోస్తే ఒక్క తాకిడి స్థానంలో వందల తాకిళ్లు వస్తాయని, ధ్వని హెచ్చుతుందని కనిపెట్టాడు. హెచ్చింది కూడా. చిక్కేమిటంటే కొంతకాలానికి ఆ రవ్వలు అడుగుకు దిగి గడ్డకట్టి, మాట వినడం మానేసేవి. 1890లో ఆంథొనీ వైట్ మెరుగైన డబ్బాను రూపొందించినా ఈ జబ్బు పూర్తిగా పోలేదు. దానికి మందు ఒక్కటే, తట్టి రవ్వలను కదపడం. మన ఇళ్లలోని నల్ల టెలిఫోనులోనూ ఉన్నది ఈ బొగ్గురవ్వల డబ్బాయే. రిసీవరును అరచేతిమీద రెండుసార్లు చరిచి "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అనే పెద్దలు ఈ చదువరులలో చాలామందికి గుర్తుండే ఉంటారు. వారు చేసింది మూఢనమ్మకం కాదు, శాస్త్రసమ్మతమైన మరమ్మతు.

నేటి కంప్యూటరు మైకులో బొగ్గు లేదు కనుక తట్టితే బాగుపడేది ఏమీ లేదు. అయినా తట్టడాన్ని నేను మానమనను. దానికి వేరొక ప్రయోజనం వచ్చింది. నేటి కంప్యూటరుకు ఒక్క మైకు కాదు. మూతలో ఒకటో రెండో, కెమెరాలో ఒకటి, చెవులకు తగిలించుకున్న దానిలో ఒకటి. మనం ఒకదానిలో మాట్లాడుతుంటే అది మరొకదానితో వింటూ ఉంటుంది. "మీ గొంతు బావిలోంచి వస్తున్నట్లుంది" అని అవతలివారు అన్నారంటే తొలి అనుమానం దీనిమీదనే. ధ్వని స్థాయిని చూపే గీతను తెరమీద తెరచి, ఒక్కొక్క మైకు మూతినీ గోటితో మెల్లగా గీరండి. ఏది గీరినప్పుడు గీత ఎగిరిందో ఆ మైకే పనిలో ఉన్నట్లు. ల్యాప్‌టాపు అంచున సూదిమొన అంత రంధ్రం కనబడితే దానిలో పిన్నీసు పెట్టి శుభ్రం చేయవద్దని మాత్రం మనవి. ఆ రంధ్రం వెనుక సిలికాను మీద చెక్కిన, వెంట్రుకకన్నా పలుచని పొర ఉంటుంది.

బొగ్గును తోసిరాజన్నవి రెండు. బెల్ ప్రయోగశాలల వాడైన వెంట్ రూపొందించిన కండెన్సరు మైకు మొదటిది. దాని పుణ్యమా అని 1925లో గ్రామఫోను రికార్డింగు బాకాలోకి అరిచే దశ దాటి విద్యుత్తుకు మారింది. కానీ ఆ మైకులో రెండు రేకుల నడుమ ఎప్పుడూ విద్యుత్పీడనం ఉండాలి. అందుకు పెద్ద బ్యాటరీలు కావాలి. ఇనుపముక్క అయస్కాంతమై ఉండిపోయినట్లు, ఏదైనా పదార్థం విద్యుదావేశాన్ని శాశ్వతంగా పట్టి ఉంచితే ఈ బెడద ఉండదు కదా? అటువంటి పదార్థానికి "ఎలెక్ట్రెట్" అని ఆలివర్ హెవిసైడ్ 1885లోనే పేరు పెట్టాడు. జపానులో ఎగుచి మోతోతారో మైనాన్ని కరిగించి, విద్యుత్ క్షేత్రంలో గడ్డకట్టించి 1920 ప్రాంతంలో దానిని చేసి చూపాడు. కాని మైనపు ఎలెక్ట్రెట్ త్వరగా నిస్సత్తువై పోయేది. 1962లో బెల్ ప్రయోగశాలల్లోనే గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు టెఫ్లాను పొరతో ఆ పని సాధించారు. నల్లజాతివారికి చదువుకున్నా తగిన ఉద్యోగం దొరకదని, వైద్యం చదవమని ఇంట్లోవారు పట్టుబట్టినా వినక భౌతికశాస్త్రం పట్టినవాడు వెస్ట్. కంప్యూటరు పక్కన పెట్టుకునే చవకైన మైకులన్నింటి గుండెలోనూ చాలాకాలం ఉన్నది వారి పొరయే.

పొరకు పీడనం అక్కరలేకపోయినా, దాని వెనుకనున్న చిన్న ట్రాన్సిస్టరుకు కాస్త విద్యుత్తు కావాలి. దానిని కంప్యూటరే గులాబిరంగు రంధ్రంలోంచి, రెండుమూడు వోల్టులు, మైకుకు పంపుతుంది. ఈ ఒక్క వాక్యం తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి. మైకు సెట్టువారి దగ్గర దొరికే బరువైన కర్రమైకు తీగెచుట్టతోనూ అయస్కాంతంతోనూ పనిచేసేది. దాని నుంచి వచ్చేది వోల్టులో వెయ్యోవంతు లెక్కన. ఆ లావుపాటి పిన్నుకు సన్నపిన్ను తొడుగు వేసి కంప్యూటరుకు తగిలిస్తే లోపలెక్కడో చీమ మాట్లాడినట్లు వినబడుతుంది. మైకు చెడలేదు, అది వేరే కులానికి చెందినది, అంతే. అలాగే స్టూడియో వారి కండెన్సరు మైకు 48 వోల్టులు అడుగుతుంది. గులాబి రంధ్రానికి అంత తాహతు లేదు. ఆ 48 ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? 1966లో నార్వే రేడియో కోసం నాయ్‌మన్ సంస్థ ట్రాన్సిస్టరు మైకులు తయారుచేస్తున్నప్పుడు, ఆ స్టూడియోలలో అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల ఏర్పాటు ఉంది. ఉన్నదానితో సరిపెట్టమన్నారు. లోకమంతా ఇప్పటికీ ఆ నార్వే దీపాల లెక్కనే పాటిస్తోంది.

సెల్‌ఫోనుతో వచ్చే చెవితీగెను పాత కంప్యూటరు ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చితే పాట వినబడుతుంది, మాట పోదు. ఆ పిన్నును పరిశీలనగా చూడండి. మూడు నల్లగీతలుంటే అందులో నాలుగు దారులు ఉన్నట్లు. కంప్యూటరు రంధ్రానికి తెలిసినవి మూడే. ఇది చాలదన్నట్లు ఆ నాలుగింటిలో మైకు ఏది, భూమి ఏది అన్నదాని మీద రెండు సంప్రదాయాలు బయలుదేరి, ఒకదానిని మరొకటి తలకిందులు చేశాయి. ఒక ఫోను తీగె మరొక ఫోనులో పాటను సైతం లోతునుంచి వినిపించడానికి కారణం ఆ వైష్ణవ శైవ భేదమే. రెండు రంధ్రాలుగా చీల్చే చిన్న తీగె కొంటే కంప్యూటరుతో తగవు తీరిపోతుంది.

ఏ మాటలతో పరీక్షించాలన్నది నాకు అన్నింటికన్నా ఆసక్తికరమైన విషయం. "మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ" మన ఊళ్లలో మంత్రం వంటిది. పరీక్షగా మాత్రం అది పనికిమాలినది. వన్ తరువాత టూ వస్తుందని వినేవాడికి ముందే తెలుసు. సగం వినబడినా మనసు మిగతా సగాన్ని పూరించుకుంటుంది. టెలిఫోను ఇంజనీర్లకు ఇది త్వరలోనే బోధపడింది. జార్జ్ క్యాంబెల్ 1910లో, ఆ తరువాత బెల్ సంస్థలో హార్వీ ఫ్లెచర్ బృందం, అర్థం లేని అక్షరాల గుంపులను చదివించి, అవతలివాడు రాసుకున్నదానితో సరిపోల్చారు. అర్థమే లేకపోతే ఊహకు తావులేదు, చెవి ఒక్కటే సాక్షి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో విమానాల హోరులో మాట వినబడటం ప్రాణావసరమైంది. హార్వర్డులో అందుకోసం పదపట్టికలూ వాక్యాలూ కూర్చారు. ఆ వాక్యాలను సవరించి 720గా 1969లో ప్రచురించారు. ఆంగ్లంలో వచ్చే ధ్వనులు ఏ పాళ్లలో వస్తాయో ఆ పాళ్లలోనే కూర్చినవి కనుక తెలుగుకు అవి పనికిరావు.

మనకు మన జంటలు కావాలి. పాట–బాట, తాత–దాత, కారు–గారు, సరము–శరము. ఒకరు వరుస తప్పించి చదవాలి, మరొకరు విన్నది రాయాలి. ఇందులో చివరి జంట తంతు చూడండి. టెలిఫోను తీగె 300 నుంచి 3400 హెర్ట్‌జుల దాకానే మోసేది. సకారపు బలమంతా నాలుగువేలకు పైన. శకారం అంతకన్నా కింద మొదలవుతుంది. కనుక టెలిఫోనులో సరమూ శరమూ సందేహాస్పదమే, స్పెల్లింగు చెప్పి బతికాము. ఈ హద్దు పాతదే అయినా దాని వారసత్వం పోలేదు. తీగెలేని బ్లూటూత్ చెవిసాధనంలో పాట హాయిగా వినబడుతూ ఉంటుంది. మైకు తెరవగానే అదే పాట డబ్బాలోంచి వచ్చినట్లు అవుతుంది. మాటను వెనక్కు పంపడానికి చోటు కావాలి కనుక అది టెలిఫోను పద్ధతికి, పాతరకమైతే క్షణానికి 8000 నమూనాలకు దిగిపోతుంది. సాధనం చెడిందని దానిని మార్చేవారున్నారు. ధ్వనిగ్రహణానికి ల్యాప్‌టాపు మైకును ఎంచుకొని, వినడానికి మాత్రం దానిని ఉంచుకుంటే రెండూ దక్కుతాయి.

మిగిలింది రొద. ఇక్కడ మళ్లీ హ్యూస్ ఇంటికి వెళ్లాలి. 1879లో ఆయన వేరొక పరికరంతో పనిచేస్తుంటే, దానికి తగిలించని టెలిఫోనులోనూ, పక్కనున్న మైకు మేకుల పుణ్యాన, చప్పుడు వినబడింది. ఎక్కడినుంచా అని వెతికితే ఆ పరికరంలో ఒకచోట తీగె వదులుగా ఉండి నిప్పురవ్వలు రాలుతున్నాయి. వదులును బిగించి తన పని తాను చేసుకోవచ్చు. ఆయన బిగించలేదు. గడియారపు యంత్రంతో క్రమంగా రవ్వలు రాల్చే ఏర్పాటు చేసి, మైకునూ టెలిఫోనునూ చేతబట్టుకొని ఇంట్లో గదిగదికీ, తరువాత గ్రేట్ పోర్ట్‌లాండ్ వీధి వెంబడీ నడిచాడు. చెవిలో టిక్కుమంటూనే ఉంది. 500 గజాల దాకా వినబడింది. నడుమ తీగె లేదు. హెర్ట్‌జ్ ప్రయోగాలకు ఎనిమిదేళ్ల ముందు హ్యూస్ చెవిలో మోగినవి రేడియో తరంగాలే.

1880 ఫిబ్రవరి 20న రాయల్ సొసైటీ నుంచి అధ్యక్షుడు స్పాటిస్‌వుడ్, హక్స్‌లీ, జార్జ్ స్టోక్స్ వచ్చి చూశారు. మొదట ఆశ్చర్యపోయారు. తరువాత స్టోక్స్, ఇదంతా తెలిసిన విద్యుత్ప్రేరణ వల్లనే, కొత్తేమీ లేదన్నాడు. గణితంలో స్టోక్స్ మహానుభావుడు, హ్యూస్ చేతిపని తెలిసిన సంగీతకారుడు. నిరుత్సాహపడిన హ్యూస్ ప్రకటించకుండానే ఊరుకున్నాడు. 1899లో రేడియో చరిత్ర రాస్తున్న ఫాహీ అడిగితే గాని ఈ సంగతి లోకానికి తెలియలేదు. మరుసటి ఏడాది జనవరిలో ఆయన పోయాడు. మధ్యకాలంలో బ్రాన్‌లీ 1890లో ఇనుపరజనుతో అటువంటి గ్రాహకాన్నే చేశాడు. ఒకసారి తరంగం తగిలితే ఆ రజను అతుక్కుపోయేది కనుక దానికీ తట్టే పద్ధతే గతి అయింది. తొలి రేడియోలలో తట్టడానికే ఒక చిన్న సుత్తి ఉండేది.

ఏది రొద, ఏది వార్త అన్న నిర్ణయం ఈ రోజుల్లో పెద్దలు వచ్చి చేయనక్కరలేదు, మన కంప్యూటరులోని ప్రోగ్రామే చేస్తుంది. ఎడతెగకుండా ఒకేలా మోగేది రొద, తెగుతూ అతుకుతూ వచ్చేది మాట అన్నది దాని మోటు సూత్రం. ఫ్యాను హోరును అది చక్కగా తుడిచేస్తుంది. ఆ సూత్రానికి తంబురాకు ఫ్యానుకు తేడా తెలియదు. 2020లో ఇళ్లకే పరిమితమై పిల్లలు తెరమీద సంగీతం నేర్చుకున్న రోజుల్లో, గురువుగారి శ్రుతిపెట్టె మొదటి నాలుగు క్షణాలు వినబడి మాయమయ్యేది. పైషడ్జం మీద దీర్ఘంగా నిలిస్తే గొంతు కూడా మధ్యలో కరిగిపోయేది. మైకు మార్చినవారు, తీగెలు మార్చినవారు, కొత్త కంప్యూటరు కొన్నవారు ఉన్నారు. ఏ మైకు తప్పూ లేదు. సంభాషణ ప్రోగ్రాముల అమరికల్లో రొద తొలగింపును ఆపే మీట ఉంటుంది. జూమ్‌లో దానిపేరు అసలుధ్వని అనే అర్థం వచ్చేటట్లు ఉంటుంది. సంగీతానికీ, పద్యపఠనానికీ ముందుగా వెతకవలసినది దానినే.

ఆ మీట నొక్కినప్పుడు గుర్రుమనే సన్నని హోరు కూడా తిరిగి వస్తే, ల్యాప్‌టాపు ఛార్జరును ఒకసారి గోడనుంచి తీసి చూడండి. హోరు ఆగితే అది మన ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్‌జుల శ్రుతి. ఇంటి ఎర్తు సరిగా లేకపోయి ఉండవచ్చు, పాట అయ్యేదాకా బ్యాటరీ మీద నడపండి. ఫ్యానును మాత్రం మనమే లేచి ఆపుకోవాలి.